పాసౌట్ అన్నావు, సరే నాన్నా

చదువు ఎప్పుడైపోయిందని ఎవరడిగినా నువ్వు చెప్పే జవాబు నాకు తెలుసు నాన్నా. "2022 పాసౌట్ అండీ" అంటావు. మీ అక్క అదే అంది, పక్కింటి అబ్బాయీ అదే అంటాడు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద అదే, క్యాంపస్ డ్రైవ్ నోటీసులో అదే, వాట్సాప్‌లో తిరిగే ఉద్యోగ ప్రకటనలోనూ అదే. ఇంగ్లీషు మాటన్న సంగతి కూడా గుర్తు రానంతగా మనలో కలిసిపోయింది. దానికి నేనేమీ అనను. మనవాళ్ల మధ్య మనవాళ్లకు తెలిసిన మాట వాడుకోవడంలో తప్పేముంది? ఇంటర్వ్యూ చేసే అమ్మాయికి అర్థమవుతుంది, నాకు అర్థమవుతుంది, సంబంధాలు చూసే పేరయ్యగారికీ అర్థమవుతుంది.

నా దిగులు ఇక్కడి సంగతి గురించి కాదు. రేపు నువ్వు డల్లాస్ వెళ్తావు, మాంచెస్టర్ వెళ్తావు, లేదా ఇక్కడే గచ్చిబౌలిలో కూర్చుని రాత్రిపూట అక్కడివాళ్లతో ఫోన్లో మాట్లాడతావు. అప్పుడు అదే మాట అంటే వాళ్లు వేరే అర్థం తీసుకుంటారు. వాళ్లకు పాస్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022" అన్నావనుకో, 2022లో నాకు స్పృహ తప్పింది అని చెప్పినట్టే. మనవాళ్లు కొందరు "ఐ యామ్ పాస్డ్ అవుట్" అని కూడా రాస్తారు. దానికైతే ఇప్పుడు, ఈ నిమిషాన, నేను తెలివిలో లేను అని అర్థం. తెలివిలో లేని మనిషి ఉద్యోగానికి ఉత్తరం ఎలా రాశాడా అని చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఒక్క క్షణం నీకెందుకు పోవాలి చెప్పు?

అలాగని కంగారు పడిపోకు. ఈ ఒక్క మాటకే వీసా పోదు, ఉద్యోగమూ పోదు. రోజూ మన పిల్లలతో మాట్లాడేవాళ్లకు ఇది అలవాటైన మాటే. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. అందుకే ఇది తప్పు అని నేను అనడం లేదు. ఎవరితో మాట్లాడుతున్నావో చూసుకుని మాట తీయమంటున్నాను. ఎదుటివాడి చెవిలో ఆ మాట ఎలా పడుతుందో చూసుకోమంటున్నాను. నువ్వు మంచివాడివే, తెలివైనవాడివే, కానీ తొందరెక్కువ. మాట నోట్లోంచి వచ్చాక ఆలోచిస్తావు.

ఇదంతా చదువుకు సంబంధించిన మాటే అయితే నేనింత పట్టుబట్టను. అక్కడ ఆ మాట ఒంటికి సంబంధించినది, ఒక్కోసారి ప్రాణానికే సంబంధించినది. అందుకని కాస్త కూర్చుని విను.

మీ అమ్మను ఆరు నెలలకని అక్కడికి రప్పించుకున్నావనుకో. ఆవిడ ఇక్కడ చేసినట్టే అక్కడా కార్తీక సోమవారం పొద్దుట్నించీ ఏమీ తినదు. బీపీ మాత్ర మాత్రం మానదు. సాయంత్రం నక్షత్రం చూసేదాకా అంటూ వంటింట్లో నిలబడి నిలబడి, గట్టు పట్టుకుని అలా కిందికి జారిపోతుంది. నువ్వు గుండె చేత్తో పట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్తావు. అక్కడ నర్సు మొదట అడిగేవాటిలో ఇదొకటి ఉంటుంది: "డిడ్ షి పాస్ అవుట్?"

ఇప్పుడు నువ్వేం చెబుతావు? మన భాషలో "అమ్మ కళ్లు తిరిగి పడిపోయింది" అంటాం. ఆ మాటలో రెండూ ఉన్నాయి. కళ్లు తిరగడమూ ఉంది, తెలివి తప్పడమూ ఉండొచ్చు. మనకు విడదీసి చెప్పే అలవాటు లేదు. డాక్టరుకు ఆ రెండూ వేరు. తల తిరిగి కూలబడింది కానీ పిలిస్తే పలికిందా? లేక కాసేపైనా స్పృహ పోయిందా? స్పృహ పోయిందంటే ఈసీజీ తీస్తారు, గుండె కొట్టుకునే తీరు చూస్తారు, పడ్డప్పుడు తలకు ఏమైనా తగిలిందా అని వెతుకుతారు, వేసుకునే మాత్రలన్నీ అడుగుతారు. ఉత్తి తల తిరగడమే అయితే వాళ్ల ఆలోచన ఇంకో దారిలో మొదలవుతుంది. నువ్వు చెప్పే ఒక్క మాట మీద ఇంత ఉంది. స్పృహ తప్పకపోతే "షి ఫెల్ట్ డిజీ, బట్ షి డిడ్ నాట్ పాస్ అవుట్" అను. తప్పితే "షి పాస్డ్ అవుట్ ఫర్ అబౌట్ ఎ మినిట్" అను. ఎంతసేపన్నది కూడా చెప్పు, వాళ్లకు అదీ కావాలి.

దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: "వెన్ డిడ్ షి కమ్ టు?" టు తర్వాత ఏ ఊరి పేరో వస్తుందని ఎదురు చూడకు. వాక్యం అక్కడికి అయిపోయింది. కమ్ టు అంటే తెలివిలోకి రావడం, తేరుకోవడం. ఇంగ్లండులో అయితే "కమ్ రౌండ్" అంటారు. పాస్ అవుట్ నేర్చుకున్నవాడు కమ్ టు కూడా నేర్చుకోవాలి. పడిపోవడం చెప్పగలిగి లేవడం చెప్పలేకపోతే ఎలా?

ఇంకోటీ చెబుతాను, చెప్పడం నాకిష్టం లేకపోయినా చెబుతాను. శనివారం రాత్రి నలుగురు కుర్రాళ్లు చేరినచోట "హి ఈజ్ పాస్డ్ అవుట్ ఇన్ ద బెడ్‌రూమ్" అన్న మాట వింటావు. తాగి ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడని అర్థం. మనవాడు డిగ్రీ పూర్తి చేశాడన్న అలవాటు అర్థంతో నవ్వి ఊరుకోకు. నిద్రపోనీలే అని తలుపు దగ్గరికి వేసి వచ్చేయకు. వాంతి వస్తే గొంతుకు అడ్డం పడుతుంది, వెల్లకిలా పడుకున్నవాడికి ఊపిరి ఆడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టు, ఒంటరిగా వదలకు. పిలిచినా గిల్లినా కదలకపోతే, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, ఒళ్లు చల్లబడితే అమెరికాలో 911, ఇంగ్లండులో 999. ఫోనెత్తిన మనిషి అడిగేవాటిలో మెలకువగా ఉన్నాడా, ఊపిరి తీస్తున్నాడా అన్నవి ఉంటాయి. ఎవరు తిడతారో, ఎవరి ఇంట్లో తెలుస్తుందో అని అప్పుడు లెక్కలు వేయకు. ఎవరో ఒక తల్లి కన్న బిడ్డ వాడు.

అయితే ప్రతిసారీ ఇంత భయం అక్కర్లేదు. నీ రూమ్మేట్ పొద్దున్నే కాఫీ తాగుతూ "ఐ పాస్డ్ అవుట్ ఎట్ నైన్ లాస్ట్ నైట్" అన్నాడనుకో. వాడికి ఒంట్లో బాగానే ఉంది. అలసిపోయి తొమ్మిదింటికే ఒళ్లు తెలియకుండా నిద్రపోయానని చెబుతున్నాడు. మాటలో చనువుంది, కబుర్లలో వాడుకునే మాట. చూశావా, మాట అదే, ఒకచోట అంబులెన్స్ పిలవాలి, ఒకచోట ఇంకో కప్పు కాఫీ పోయాలి. ఎక్కడ, ఎవరు, ఏ గొంతుతో అన్నారన్నది చూసుకోకపోతే ఏది చేయాలో నీకెలా తెలుస్తుంది?

మరి మన పాసౌట్‌కు దిక్కెవరూ లేరా అంటే, ఉన్నారు. ఇంగ్లండులో సైన్యంలో, పోలీసుల్లో, అగ్నిమాపక దళంలో శిక్షణ ముగించుకుని బయటికి రావడాన్ని పాస్ అవుట్ అనే అంటారు. నిఘంటువులో దాని పక్కన బ్రిటిష్ వాడుక అని గుర్తు కూడా వేసి ఉంటుంది. మన దగ్గరా ఆ మాట గౌరవంగానే నిలిచింది. హైదరాబాద్ శివరాంపల్లిలోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ పోలీస్ అకాడమీలో ఐపీఎస్‌ల శిక్షణ ముగిసే రోజున పాసింగ్ అవుట్ పరేడ్ జరిగిందని మన పేపర్లలో చదువుతూనే ఉన్నావు. డెహ్రాడూన్‌లో 1932లో మొదలైన మిలిటరీ అకాడమీలో కుర్రాళ్లు కవాతు చేస్తూ వచ్చి అంతిమ్ పగ్ అని పిలిచే ఆఖరి అడుగు దాటి ఆఫీసర్లవుతారు. ఆ పరేడ్ పేరూ అదే. ఊళ్లో ఎవరి అబ్బాయైనా కానిస్టేబులుగా ఎంపికై తొమ్మిది నెలలు బ్యారక్‌లో ఉండి వచ్చాక, తల్లీతండ్రీ కొత్త బట్టలు కట్టుకుని ఆ పరేడ్‌కు వెళ్లి మైదానం పక్కన నిలబడతారు. వాళ్ల ముఖాలు చూస్తే ఆ మాట విలువేమిటో తెలుస్తుంది. అంచేత ఆ మాటను చిన్నచూపు చూడకు. శిక్షణ కవాతుకు అది సరైన మాట. బీటెక్ పట్టాకు మాత్రం సముద్రం దాటాక సరిపోదు. అంతే తేడా.

ఇక అసలు చిక్కు ఎక్కడుందో చెబుతాను. పాస్ అంటే నీకు తెలుసు, మూడో తరగతి నుంచీ పాసవుతూనే ఉన్నావు. అవుట్ అంటే తెలుసు, క్రికెట్టు చూసే ఇంట్లో పుట్టావు. రెండూ తెలుసు కాబట్టి కలిపినదీ తెలుసనుకుంటావు. అక్కడే పొరపాటు. పాలల్లో చుక్క మజ్జిగ వేసి రాత్రంతా ఉంచితే పొద్దున గిన్నెలో ఏముంటుంది? పాలూ ఉండవు, మజ్జిగా ఉండదు, పెరుగుంటుంది. అందులోంచి మళ్లీ పాలు వేరు చేయలేవు. ఇంగ్లీషులో క్రియ పక్కన ఆ చిన్న మాట చేరినప్పుడు జరిగేది అదే. పాస్‌లో లేని అర్థం, అవుట్‌లో లేని అర్థం కొత్తగా పుడుతుంది. విడదీసి వెతికితే దొరకదు.

ఇది నీ ఒక్కడి తిప్పలే అనుకోకు. 1755లో శామ్యూల్ జాన్సన్ లండన్‌లో తన పెద్ద నిఘంటువు అచ్చు వేయించినప్పుడు ముందుమాటలో ఈ సంగతే రాశాడు. క్రియ పక్కన చిన్నమాట చేరి అర్థం తిప్పేయడం పరదేశీయులకు మహా కష్టమని ఒప్పుకుని, అలాంటివి జాగ్రత్తగా ఏరి పెట్టానన్నాడు. ఇంగ్లీషు నిఘంటువు రాసినవాడే కష్టమన్నాక నీకు తడబాటు వస్తే సిగ్గెందుకు? వీటికి ఫ్రేజల్ వర్బ్స్ అన్న పేరు నిలిచింది చాలా తర్వాత. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే ఆయన తన పుస్తకంలో ఆ పేరు వాడి, అది తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు. వాడుక ఎంత పాతదో చూడు, పేరు ఎంత కొత్తదో చూడు. మనుషులు పేరు తెలియకుండానే తరతరాలు మాట్లాడుకున్నారు. నువ్వు కూడా పేర్ల గురించి, సూత్రాల గురించి దిగులు పడకుండా మాట గురించి పట్టించుకో.

మన తెలుగులో మాత్రం ఈ తీరు లేదా? వాడు నా మీద చేయి చేసుకున్నాడు అంటాం. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన మీ మేనకోడలికి చేయి తెలుసు, చేసుకోవడం తెలుసు. కొట్టాడు అని ఎలా తెలుస్తుంది? నోరు పారేసుకోవద్దు అంటే పారేసుకున్న నోరు ఎక్కడ వెతకాలి అని అడుగుతుంది పాపం. నువ్వెప్పుడైనా వాటిని పట్టీ రాసుకుని బట్టీ పట్టావా? లేదు. నాన్న కోప్పడుతుంటే విన్నావు, నాయనమ్మ ఎవరినో సమాధానపరుస్తుంటే విన్నావు. ఎవరు ఎప్పుడు ఎందుకు అన్నారో దానితో సహా నీలో నిలిచింది. అందుకే ఎప్పుడూ తప్పు వాడవు. ఇంగ్లీషు మాట కూడా అలాగే నిలుస్తుంది, కాస్త సమయం ఇస్తే.

నువ్వు సమయం ఇవ్వవే, అదీ నా బాధ. ముప్పై రోజుల్లో వెయ్యి ఫ్రేజల్ వర్బ్స్ అని వీడియో కనిపించగానే మొదలుపెడతావు. మొదటిరోజు పాస్‌తో వచ్చేవన్నీ ఒక గుక్కలో: పాస్ అవుట్, పాస్ అవే, పాస్ ఆన్, పాస్ ఆఫ్, పాస్ అప్, పాస్ ఓవర్. నాలుగోరోజుకు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఏది ఏమిటో తెలియదు, కానీ తెలుసన్న ధైర్యం మాత్రం మిగులుతుంది. తెలియకపోవడంలో ప్రమాదం లేదు నాన్నా, అడుగుతావు. తెలుసనుకోవడంలోనే ఉంది.

ఎంత ప్రమాదమో ఒక్కటి చెబుతాను. పాస్ అవే అంటే చనిపోవడం. మనం కాలం చేశారు, పోయారు అన్నట్టు, చావన్న మాట నోట రానివ్వకుండా మెత్తగా చెప్పే మాట. అర్ధరాత్రి ఇంటి నుంచి ఫోనొస్తుంది, తాతగారు పోయారని. కళ్ల నీళ్లతో మేనేజరుకు నాలుగు ముక్కలు రాస్తావు. అవేకు బదులు అవుట్ పడుతుంది. "మై గ్రాండ్‌ఫాదర్ పాస్డ్ అవుట్ లాస్ట్ నైట్." ఆయన చదివి, అయ్యో పెద్దాయనకు కళ్లు తిరిగాయట, ఇప్పుడెలా ఉంది, త్వరగా కోలుకోవాలి అని రాస్తాడు. ఆ మనిషి తప్పేముంది? నువ్వు రాసింది ఆయన చదివాడు. దుఃఖంలో ఉన్న నువ్వు, తాతగారు పోయారని రెండోసారి వివరించి రాసుకోవాలి. మొదటిసారి రాయడానికే చేతులు ఆడని రోజున రెండోసారి రాయడమంటే ఎంత నరకమో. అదే అటు నుంచి వస్తే ఇంకా కష్టం. తోటి ఉద్యోగి వచ్చి మా అమ్మ పాస్డ్ అవే అని చెబితే, నువ్వు గబుక్కున ఇప్పుడు బాగానే ఉన్నారా అన్నావంటే ఆ మనిషి మనసెలా ఉంటుంది? "ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్" అనాలి అక్కడ. అంతకుమించి ఏమీ అక్కర్లేదు, కాసేపు పక్కన కూర్చుంటే చాలు. పాస్ కుటుంబంలో అన్నిటికన్నా ముందు ఈ రెండూ వేరు చేసుకో. అవుట్ అయితే మనిషి లేస్తాడు, అవే అయితే లేవడు.

మిగతావాటికి ఇంత భయం లేదు, దారిలో ఎదురైనప్పుడు పట్టుకోవచ్చు. సమాచారం అందజేయడం పాస్ ఆన్, అమ్మమ్మ నగ మనవరాలికి రావడం పాస్ డౌన్, వచ్చిన అవకాశం వదులుకోవడం పాస్ అప్. ఆఫీసులో ఎవరైనా దిగులుగా "ఐ వజ్ పాస్డ్ ఓవర్" అంటే ప్రమోషన్ తనను దాటి ఇంకొకరికి వెళ్లిందని. ఆ రోజు ఆ మనిషితో నీ ఇంక్రిమెంట్ సంగతి ఎత్తకు.

పాస్ అవుట్‌కే ఇంకో అర్థం ఉంది, అమెరికాలో చదువుకునే పిల్లలకు ఇది వారానికోసారైనా తగులుతుంది. పంచిపెట్టడం. ఎమ్మెస్ చేస్తూ ఖర్చులకని టీచింగ్ అసిస్టెంటుగా చేరతావు కదా, ప్రొఫెసర్ నీ చేతికి కాయితాల కట్ట ఇచ్చి "కుడ్ యు పాస్ దీజ్ అవుట్?" అంటాడు. క్లాసులో అందరికీ పంచమని. నువ్వు కట్ట పట్టుకుని గుమ్మం బయటికి నడవకు. బ్రిటన్‌లో ఇదే పనికి హ్యాండ్ అవుట్, గివ్ అవుట్ అంటారు. క్లాసులో పంచే కాయితాన్నే హ్యాండౌట్ అనడం నీకు తెలుసు. మాటకూ పనికీ సంబంధం కనపడుతోందా?

ఇక్కడ వ్యాకరణం కొంచెం ఉంది, కొంచెమే. పంచే అర్థంలో పంచేదేదో ఒకటి ఉండాలి. పాస్ అవుట్ ద పేపర్స్ అనొచ్చు, పాస్ ద పేపర్స్ అవుట్ అనొచ్చు, రెండూ సరే. కానీ పేపర్స్ అనకుండా దెమ్ అన్నావంటే అది మధ్యలోనే కూర్చోవాలి. పాస్ దెమ్ అవుట్. పాస్ అవుట్ దెమ్ అనకూడదు, ఇంగ్లీషువాడి చెవికి అది గుచ్చుకుంటుంది. పిక్ ఇట్ అప్, టర్న్ ఇట్ ఆఫ్, ఇలా విడదీయగలిగేవన్నీ ఇంతే. స్పృహ తప్పే అర్థంలో వెనక ఏ కర్మా ఉండదు. మనిషి పాస్డ్ అవుట్, అక్కడికి సరి. దేన్నీ పాస్ అవుట్ చేయలేదు, తనే పడిపోయాడు. అందుకే వెనక ఏమైనా ఉందా లేదా అన్నది చూస్తే చాలు, పంచారా పడిపోయారా అన్నది చాలాసార్లు తెలిసిపోతుంది. ఇంకోటి చెవితో పట్టుకోవాల్సింది. స్పృహ తప్పే మాటలో ఊనిక అవుట్ మీద పడుతుంది. మనం పాసౌట్ అని రెండూ కలిపేసి పా మీద ఒత్తుతాం. చిన్నమాట గట్టిగా పలుకుతారని గుర్తుంచుకుంటే వినేటప్పుడూ తేలిక, పలికేటప్పుడూ తేలిక.

మరి నేర్చుకోవడం ఎలా అంటావు. రోజుకొక్కటి చాలు. వారానికి నాలుగైనా మంచిదే. మాటొక్కటే రాసుకోకు, అది వచ్చిన వాక్యం మొత్తం రాసుకో, ఎవరు ఎవరితో అన్నారో పక్కన రాసుకో. పాస్ అవుట్ ఈక్వల్ టు స్పృహ తప్పు అని రాసుకుంటే రేపటికి పోతుంది. నర్సు అడిగిన ప్రశ్న మొత్తం రాసుకుంటే నర్సుతో సహా గుర్తుంటుంది. ఏ.ఎస్. హార్న్‌బీ అనే మాస్టారు జపాన్‌లో పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ, తోటివాళ్లతో కలిసి 1942లో టోక్యోలో ఒక నిఘంటువు వేశాడు. అదే తర్వాత ఆక్స్‌ఫర్డ్ వాళ్ల అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అయింది. పరాయి భాషగా నేర్చుకునే పిల్లలకు మాట అర్థం ఒక్కటే చాలదు, అది వాక్యంలో ఎలా కూర్చుంటుందో చూపించాలని ఆయన తపన పడ్డాడు. ఇప్పుడు అది నీ ఫోన్లోనే ఉంది. అర్థం చూసి మూసేయకు, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదివి మూయి. అర నిమిషం ఎక్కువ పడుతుంది, అంతేగా.

ఇంకొక్క మాట, ఇది ఇంగ్లీషు గురించి కాదు, నీ గురించి. ఇదంతా తెలిశాక రేపు ఆఫీసులో ఎవరో పల్లెటూరి నుంచి కొత్తగా చేరిన అబ్బాయి మీటింగులో లేచి నిలబడి ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2024 అంటాడు. నీకు నవ్వొస్తుంది. నవ్వకు. అందరిలో దిద్దకు. ఆ అబ్బాయి ఆ వాక్యం చెప్పడానికి రాత్రంతా సాధన చేసుకుని వచ్చి ఉంటాడు. అక్కడ నువ్వు పదిమందిలో నవ్వితే వాడు ఇక ఆరు నెలలు నోరు విప్పడు. వాడి ఇంగ్లీషు ఆగిపోయేది అవుట్ అన్న మాట దగ్గర కాదు, నీ నవ్వు దగ్గర. టీకి వెళ్లినప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు, తమ్ముడూ బయటి క్లయింట్లతో మాట్లాడేటప్పుడు గ్రాడ్యుయేటెడ్ అను, వాళ్లకు ఇంకోలా అర్థమవుతుంది అని మెల్లగా చెప్పు. ఏదో పెళ్లిలో మీ నాన్న ఎవరికో నిన్ను చూపించి మావాడు ఫలానా ఏడు పాసౌట్ అండీ అని మురిసిపోతుంటే, అక్కడ అసలే దిద్దకు. ఆయన అక్కడ ఇంగ్లీషు మాట్లాడటం లేదు, నిన్ను చూసుకుని సంతోషిస్తున్నాడు.

సరే, ఇప్పుడు ఆ రెజ్యూమె తీయి. పాస్డ్ అవుట్ అని ఉన్నచోటల్లా చూసుకో. ఉత్తరంలో, లింక్డిన్‌లో, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికని రాసుకున్న పేరాలో కూడా ఉండి ఉంటుంది. డిగ్రీ గురించి అయితే "ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022" అని మార్చు. కాలేజీ పేరు చెప్పాలంటే ఫ్రమ్ వదలకు: ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్ ఫలానా కాలేజీ. ఇంకా తేలిగ్గా కావాలంటే "ఐ ఫినిష్డ్ మై బీటెక్ ఇన్ 2022" అను, అమెరికావాడికీ ఇంగ్లండువాడికీ కూడా అర్థమవుతుంది. ఇంటర్మీడియట్ అంటే వాళ్లకు తెలియదు, పన్నెండో తరగతి అని రాయి. పరీక్ష గురించైతే "ఐ పాస్డ్ ద ఎగ్జామ్" అన్నది ఎప్పుడూ సరైనదే, దాన్ని ముట్టుకోకు. మన యూనివర్సిటీ ఫారాల్లో ఇయర్ ఆఫ్ పాసింగ్ అని ఉన్న గడిని కూడా ముట్టుకోకు, అది పరీక్ష నెగ్గిన ఏడాది, అందులో అవుట్ లేదు. ఇక్కడి కంపెనీ వాళ్లడిగితే 2022 పాసౌట్ అని హాయిగా చెప్పు. అన్నీ మార్చాక ఒకసారి పైకి చదువు, నాకు వినపడేలా.